ఇనుము రుచి

మా ఆయన బొమ్మ వేసే రోజుల్లో పీట వేసుకుని అన్నానికి కూర్చునేవారు కాదు. ముందుగదిలో ఈజిల్ పక్కన పొడుగు ముక్కాలిపీట ఒకటి ఉండేది. దాని మీద ఒక పక్క రంగులు, ఇంకో పక్క నేను పెట్టిన అన్నం కంచం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు చిట్లించి బొమ్మను చూసి, మళ్ళీ కుంచె అందుకునేవారు. కుంచె మొన విడిపోతే పెదాల మధ్య పెట్టి లాగి సన్నం చేసుకునేవారు. కాసేపు గీయడం, ఇంకో ముద్ద. మెతుకులు రంగులో పడేవి, రంగు అన్నంలో పడేది. పెళ్ళయిన కొత్తలో నాకదంతా ముద్దుగా ఉండేది. గడప మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని.

ఆయన పేరు బర్నబాస్. బాపట్లలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. మద్రాసులో చిత్రకళ చదివి, అక్కడే ఉండిపోవలసిన మనిషి తల్లి కోసం వెనక్కి వచ్చేశారు. ఇంట్లో మేం ముగ్గురమే. ఆయన, నేను, మా అత్తయ్య ధనమ్మ. నాది రేపల్లె. మా నాన్న లాజరు అక్కడ తాలూకా ఆఫీసులో గుమాస్తా.

తిండి దగ్గర ఆయనకున్న శ్రద్ధ నేను మరే మగవాడిలోనూ చూడలేదు. కందిపచ్చడి మెత్తగా నూరితే ఒప్పుకునేవారు కాదు, పప్పు పలుకు పంటికి తగలాలి. గోంగూరలో ఉల్లిపాయ పచ్చిగానే పడాలి, అదీ తినబోయే ముందు. శనివారం సాయంత్రం పేరమ్మ సముద్రం ఒడ్డు నుంచి వచ్చి చేపల బుట్ట మా వాకిట్లో దించిందంటే ఇక వంటిల్లు ఆయనదే. మట్టికుండలో ఉల్లిపాయ, మిరపకాయ ముద్ద నూనెలో వేగనిచ్చి, చింతపండు పులుసు పోసి, అది తెర్లుతుండగా మామిడికాయ ముక్కలు, ఆ తర్వాత చేపముక్కలు వేసేవారు.

"గరిటె మాత్రం పెట్టకూడదు సరోజా. ముక్క విరిగిందంటే పులుసు చెడినట్టే," అంటూ గుడ్డతో కుండ అంచులు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పేవారు. వేడివేడిగా తిననిచ్చేవారు కాదు. ఆ పులుసు ఆదివారం గుడి నుంచి వచ్చాక తినాల్సిందే.

అరవై ఏడులో ఈస్టరు వెళ్ళిన వారం, మద్రాసు నుంచి ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ బొమ్మలు వేసేవాళ్ళే. తెనాలి నుంచి మస్తాన్‌రావు కూడా వచ్చాడు. మా ఆయన స్నేహితుడే, నేను అన్నయ్యా అని పిలుస్తాను. ఆయన నాటకాల వాళ్ళకి తెరలు వేస్తాడు. అందరం సూర్యలంక సముద్రానికి వెళ్ళాం. ఇసుకలో మూడు రాళ్ళు పెట్టి మా ఆయన పులుసు కాస్తుంటే, నేను నీడలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ వాళ్ళ మాటలు విన్నాను. చిత్రకారులంటే రంగుల గురించి మాట్లాడుకుంటారనుకున్నాను. వాళ్ళు పూర్తిగా తిండి గురించే మాట్లాడుకున్నారు.

"నేను బొమ్మ మొదలుపెట్టానంటే అయ్యేదాకా పెరుగన్నం తప్ప ఇంకేం ముట్టను," అన్నాడు గడ్డం ఉన్నాయన. "కారం తిన్న రోజున ఎరుపు ఎక్కువ పడిపోతోంది."

రెండో ఆయన వేయించిన వేరుశనగకాయలు జేబులో పోసుకుని తిరుగుతాడట. ఒక్కో గింజ నములుతూ ఒక్కో మూల చూసుకుంటాడట. గింజలు అయిపోతే బొమ్మ అయిపోయినట్టే.

"నాకివేం లేవు బాబూ," అన్నాడు మస్తాన్‌రావు అన్నయ్య. "దర్బారు తెరకి ఒక బజ్జీల పొట్లం. అడవి తెరకి రెండు. ఆకులు ఎక్కువ కదా!"

అందరూ నవ్వారు. మా ఆయన కుండ తిప్పుతూ, "మీరంతా కడుపుకి తింటున్నార్రా. నాలుక మీద ఏది ఎక్కువైందో తెలియనివాడికి కాన్వాసు మీద ఏం తెలుస్తుంది?" అన్నారు.

ఆ ఒక్కరోజూ పులుసు వేడిగానే తిననిచ్చారు. అన్నాలు తిన్నాక గడ్డం ఆయన అసలు సంగతి చెప్పాడు. ఆగస్టులో మద్రాసులో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. బర్నబాస్ కూడా బొమ్మలు ఇస్తే ఒక గది మొత్తం ఆయనకే ఇస్తారు. మా ఆయన లేచి వెళ్ళి ఎండలో నిలబడ్డారు. తర్వాత నన్ను పిలిచారు.

"చూడు సరోజా. నీలం ఎక్కడన్నా ఉందా?"

చూశాను. మిట్టమధ్యాహ్నపు సముద్రం. ఇసుకా నీళ్ళూ ఆకాశమూ అన్నీ ఒకే మెరుపు. పడవ ఎక్కడుందో, అల ఎక్కడుందో కళ్ళకి ఆనడం లేదు.

"లేదండి. అంతా తెలుపే."

"అదే వేస్తాను," అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు.

అంత తెలుపు కావాలంటే మద్రాసు రంగు ట్యూబులు కొనే స్థోమత మాకు లేదు. మస్తాన్‌రావు అన్నయ్య తెనాలి బజారు నుంచి సఫేదా అనే తెల్లరంగు పొడి తెచ్చి పెట్టాడు. పాత రకం, ఇలాంటి తెలుపు ఇంకోటి లేదన్నాడు. మా ఆయన గాజుపలక మీద ఆ పొడి పోసి, అవిసె నూనె కలుపుతూ రాయితో నూరుకునేవారు. పొడి లేచి ఆయన కనుబొమల మీదా, మీసాల మీదా వాలేది. "పిండిమర నుంచి వచ్చినట్టున్నావురా అబ్బాయ్," అని అత్తయ్య నవ్వేవారు. స్కూలుకి సెలవులిచ్చేశారు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆయన ముందుగదిలోనే ఉండేవారు. కంచం కూడా మూడు పూటలా అక్కడికే వెళ్ళేది.

మొదటి బొమ్మ చూసి అత్తయ్య, "ఇందులో ఏం గీయలేదేంట్రా?" అన్నారు. నాకూ ఏమీ కనిపించలేదు. ఆయన నన్ను దాని ముందు కూర్చోబెట్టి, "తొందరపడకు," అన్నారు. చూడగా చూడగా తెలుపులోంచి తెలుపు విడింది. ఒక తెరచాప అంచు కనిపించింది. తర్వాత నెత్తి మీద బుట్టతో ఒక మనిషి, ఎండలో కరిగిపోతున్నట్టు. నాకు చదువు ఎక్కువ లేదు, బొమ్మల సంగతులు తెలియవు. కానీ ఈయన మామూలు మనిషి కాదని ఆరోజు నాకు తెలిసింది.

రెండు బొమ్మలయ్యాయి. నాలుగయ్యాయి. మే నెల నడుమ ఒక మధ్యాహ్నం గుత్తివంకాయ కూర పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఇదేంటి, ఇనుము వాసన వస్తోంది?"

"ఇనుమా?"

"నోట్లో మేకు పెట్టుకున్నట్టుంది. మూకుడు మార్చావా?"

మార్చలేదు. మర్నాడు మట్టిచట్టిలో వండాను. అదే మాట అన్నారు. ఇత్తడి గిన్నెలకు పూత పోయిందేమోనని కళాయివాడిని పిలిచి ఇంట్లో గిన్నెలన్నిటికీ కళాయి పోయించాను. బావి నీళ్ళు మానేసి దూరం నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చాను. చింతపండు కొత్తది తెప్పించాను. వండేటప్పుడు నాలుగైదుసార్లు రుచి చూసేదాన్ని. నాకు బాగానే ఉండేది. అన్నిసార్లు చూశాక ఏది బాగుందో, ఏది బాగాలేదో నాకూ తెలియకుండా పోయింది. నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది.

"అత్తయ్యా, మీరు చెప్పండి. కూర ఎలా ఉంది?" అని అడిగాను ఒకరోజు.

"నాదేముంది అమ్మాయ్, ముసలి నోరు," అన్నారామె కంచంలోంచి తలెత్తకుండా. "వాడు తిండి తెలిసిన మనిషి. వాడికి రుచించలేదంటే కూరలోనే ఏదో ఉంటది గానీ వాడిలో ఏముంటది?"

ఆయన చిక్కిపోయారు. ముఖం పాలిపోయింది. కడుపులో మెలిపెడుతోందని మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేవారు. వాము నమిలించాను, మజ్జిగ తాగించాను. ఇంటి తిండి పడటం లేదని అత్తయ్య పక్కింటావిడతో అనడం నా చెవిన పడింది. అంత నొప్పిలోనూ ఆయన బొమ్మ మానలేదు. చిరాకు మాత్రం బాగా ఎక్కువైంది. మాటకి ముందు కోపం వచ్చేది. ఒకప్పుడు నేను గడప మీద కూర్చుంటే వెనక్కి తిరిగి నవ్వే మనిషి, ఇప్పుడు కంచం చప్పుడైతే చాలు విసుక్కునేవారు.

జూన్ మొదట్లో మస్తాన్‌రావు అన్నయ్య ఇంకో సఫేదా పొట్లంతో వచ్చాడు. ఇద్దరికీ ముందుగదిలోనే వడ్డించాను. ములక్కాడ, మామిడికాయ వేసి పప్పు, పేరమ్మ ఇచ్చిన చిన్నరొయ్యల వేపుడు. అన్నయ్య రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

"చెల్లెమ్మా, వేపుడు అదిరిపోయింది."

"మొహమాటానికి చెప్పకురా," అన్నారు మా ఆయన. "మా ఆవిడకి చెయ్యి పోయింది. నెల రోజులుగా ఈ ఇంట్లో నోట్లో పెట్టుకోడానికి ఏం లేదు."

అంటూ కంచాన్ని మోచేత్తో నెట్టారు. అది ముక్కాలిపీట మీంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది. అన్నయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయారు. నేను వంగి మెతుకులన్నీ ఎత్తాను.

మర్నాడు పొద్దున గుడ్డలు సర్దుకుని ముందుగది గుమ్మంలో నిలబడ్డాను. "రేపల్లె వెళ్ళొస్తానండి."

ఆయన బొమ్మ వైపు నుంచి తిరగలేదు. "వెళ్ళిరా. కొన్నాళ్ళు అమ్మా నేనూ ప్రశాంతంగా తింటాం."

తెనాలిలో రైలు మారి రేపల్లె చేరాను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్న ఒక్కరే వండుకుంటున్నారు. ఆ పూట నేనే వండి పెట్టాను. నాన్న తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఎలా ఉంది?" అన్నాను. బాగుందన్నారు. కాసేపాగి మళ్ళీ అడిగాను. మళ్ళీ బాగుందన్నారు.

"నిజం చెప్పు నాన్నా. ఇనుము వాసన రావడం లేదూ?"

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి నా ముఖంలోకి చూశారు. "ఏం జరిగిందమ్మా అక్కడ?"

చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? కొట్టలేదు, తిట్టలేదు, కూర బాగాలేదన్నారు. అంతే కదా అనిపించింది. కానీ ఆ తర్వాత ప్రతి పూటా నాన్న నేను అడగక ముందే బాగుందనేవారు. నాకు ఏడుపొచ్చేది.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం రిక్షా వచ్చి వాకిట్లో ఆగింది. మా ఆయన దిగారు. చొక్కా వంటి మీద వేలాడుతోంది. ఎడమచేతిలో టిఫిన్ క్యారియర్. నాన్న ఎదురెళ్ళి, "రండి అల్లుడుగారూ," అంటే తల ఊపి, అరుగు మీదే కూర్చుండిపోయారు.

"లోపలికి రండి," అన్నాను.

"ముందిది రుచి చూడు."

క్యారియర్ తీశాను. చేపల పులుసు. ముక్కలన్నీ విరిగి చిందరవందరగా ఉన్నాయి. ఆయన చేతి పులుసు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"గరిటె పెట్టారా?"

"కుండ తిప్పలేకపోయాను. నువ్వు తిను, చెప్తాను."

వేలితో పులుసు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఆయన నా ముఖాన్నే చూస్తున్నారు. గుడిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆయన అంత ఆశగా చూడటం నేనెరగను.

"ఎలా ఉంది?"

"ఎప్పట్లానే ఉంది. మామిడికాయ పులుపు బాగా దిగింది."

"ఇనుము?"

"లేదండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "నాకుంది," అన్నారు. "నా చేత్తో నేను వండుకున్నదాంట్లోనూ ఉంది సరోజా."

నాన్న మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయారు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మా ఆయన క్యారియర్ మూత పెట్టబోయారు. కుడిచెయ్యి ముందుకు వచ్చింది గానీ మణికట్టు దగ్గర వాలిపోయింది. వేళ్ళు పైకి లేవలేదు. నేను ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వదిలితే మళ్ళీ వాలిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"వారం దాటింది. కుంచె జారిపోతోంది. అమ్మకి చెప్పలేదు."

మర్నాడు మొదటి రైలుకి తెనాలి వెళ్ళాం. డాక్టరు ప్రకాశరావుగారు ముందు చెయ్యి చూశారు. తర్వాత నోరు తెరవమని, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశారు. నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. పళ్ళ మొదట్లో చిగురు వెంట సన్నటి నల్లనీలం గీత ఒకటి ఉంది.

"ఏం పని చేస్తారు?"

"డ్రాయింగు మాస్టారినండి. బొమ్మలు వేస్తాను."

"ఏ రంగులు వాడతారు?"

ఆయన సఫేదా గురించి చెప్పారు. ఎక్కడ నూరతారో, ఎంతసేపు నూరతారో చెప్పారు. డాక్టరుగారు ఆయన్ని వదిలి నా వైపు తిరిగారు. "తిండి ఎక్కడ తింటారమ్మా ఈయన?"

"ఆ గదిలోనేనండి. ఈజిల్ పక్కన కంచం పెట్టుకుని. కుంచె నోట్లో పెట్టుకుని మొన తీసుకుంటారు."

డాక్టరుగారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఇనుము కాదమ్మా, సీసం. ఆ పాత సఫేదాలో ఉండేది సీసమే. అది మీ వంటలో లేదు, ఆయన వంట్లో ఉంది."

ఆ మాట విన్నాక నా గుండె తేలికపడాలి. నా చెయ్యి పోలేదని, నా నాలుక అబద్ధం చెప్పలేదని ఇంకెవరూ అంత స్పష్టంగా చెప్పలేరు. కానీ పక్కన బల్ల మీద తల వంచుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకేమీ అక్కర్లేదనిపించింది. ఆ తప్పేదో నా కూరలోనే ఉంటే ఎంత బాగుండును! మర్నాటికల్లా సరిచేసేదాన్ని.

గుంటూరు పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాం. కడుపునొప్పి తగ్గింది, ముఖానికి రంగు వచ్చింది. అత్తయ్య చూడటానికి వచ్చి, వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

"నా నోటికి బాగానే ఉండేదమ్మాయ్, నువ్వు వండింది. రోజూ బాగానే ఉండేది. ఒక్కరోజన్నా వాడి ముందు ఆ మాట అనలేకపోయాను. అనుంటే వాడు అప్పుడే డాక్టరు దగ్గరికి పోయేవాడేమో."

చీర కొంగుతో ఆమె ముఖం తుడిచాను.

అప్పటికి పూర్తయిన బొమ్మల్ని మస్తాన్‌రావు అన్నయ్యే చెక్కపెట్టెలో పెట్టి మద్రాసు తీసుకెళ్ళాడు. సఫేదా తెచ్చిచ్చిన చెయ్యి తనదేనని ఆయన లోపల ఎంత కుమిలాడో నాకు తెలుసు. తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పాడు. జనం ఆ తెల్లబొమ్మల ముందు నిలబడిపోయారట. పెద్దపెద్దవాళ్ళు వచ్చి, ఈ మనిషి ఎవరు, తర్వాత ఏం వేస్తున్నాడు అని అడిగారట.

"నువ్వేం చెప్పావు?" అన్నారు మా ఆయన.

"వేస్తాడని చెప్పాను," అన్నాడు అన్నయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ.

సీసం లేని తెలుపులు చాలా ఉన్నాయి, అవి వాడుకోవచ్చు అన్నారు డాక్టరుగారు. తెలుపు దొరికింది గానీ మణికట్టు తిరిగి రాలేదు. కొంత కోలుకుంది. సుద్దముక్కతో బోర్డు మీద పెద్దపెద్ద గీతలు గీయడానికి, పిల్లలకి కొబ్బరికాయా, కుండా నేర్పడానికి సరిపోయేంత. ఎడమచేత్తో కొన్నాళ్ళు ప్రయత్నించి, ఒకరోజు ఈజిల్ మడిచి అటక మీద పెట్టేశారు. ముందుగది ఖాళీ అయింది. ఆ రోజు నుంచి ఆయన మాతోపాటు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని తినేవారు.

క్రిస్మసుకి ముందు ఒక మధ్యాహ్నం పప్పుచారు నోట్లో పోసుకుని ఆయన ఒక్కసారి తలెత్తారు. "ఇంగువ వేశావు కదూ?" అన్నారు. వేశాను. ఇనుము పోయింది. అత్తయ్య పైకి చూసి దేవుడికి దండం పెట్టుకున్నారు. నేను లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. "బాగుంది సరోజా, చాలా బాగుంది," అన్నారు.

అప్పటి నుంచి ఏం పెట్టినా అదే మాట. అన్నం చిమిడినా బాగుంది, వేపుడు మాడినా బాగుంది. కందిపచ్చడి కావాలనే మెత్తగా నూరి పెట్టాను. ఒకప్పుడు కంచంలోంచి తీసి అవతల పెట్టే మనిషి, వేలితో తుడుచుకుని తిన్నారు. మొదట్లో సంతోషించాను. తర్వాత భయం వేసింది. ఆ తర్వాత ఒంటరిగా అనిపించడం మొదలైంది. ఆయన నాకు క్షమాపణ చెప్పుకుంటున్నారు. పూటపూటా, ముద్దముద్దకీ. నేను ఎప్పుడో మరిచిపోయానని ఎన్నిసార్లు చెప్పినా ఆ మనిషి నమ్మలేదు. నేను వండింది నిజంగా ఎలా ఉందో చెప్పే నోరు ఆ ఎండాకాలంతో పోయింది.

డెబ్బైలో అనుకుంటాను, ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక పులుసు వడ్డించాను. చేప మంచిది, మామిడికాయ మంచిది. ఉప్పు మాత్రం ఒక్క రవ్వ వేయలేదు. తెలిసే మానేశాను. వడ్డించి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకోగానే ముఖం చిట్లించారు. నా వైపు చూశారు, కొడుకు వైపు చూశారు. ఉప్పుగిన్నె దగ్గరికి లాక్కున్నారు. ఆయన తల వంచుకుని తింటున్నారు. వాలిపోయే చేత్తో ముళ్ళు ఏరుకుంటూ, పులుసు అన్నంలో కలుపుకుంటూ, మెతుకు మిగలకుండా తిన్నారు. చెంబెత్తి నీళ్ళు తాగారు.

"బాగుంది సరోజా."

నేను లోపలికి వెళ్ళి, మిగిలిన పులుసులో ఉప్పు వేసి, కుండ మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.